తాగుడు మానిన మనిషి వేదిక ఎక్కే ముందు

ప్రశ్న: నా వయసు 43. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పదిహేనేళ్లకు పైగా తాగాను. చివరి రోజుల్లో పొద్దున్న లేవగానే చేతుల వణుకు ఆగడానికి కూడా తాగాల్సి వచ్చేది. రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్లో చేరాను. రెండోసారి బయటికి వచ్చాక మళ్లీ ముట్టలేదు, రెండేళ్లు దాటింది. ప్రతి ఆదివారం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగుకు వెళ్తున్నాను. మా ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థ జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సందర్భంగా డిగ్రీ కాలేజీలో సభ పెట్టి, నా అనుభవం చెప్పమని అడుగుతోంది. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు కూడా వస్తారట. నా కథ విని ఒక్కడు మానినా చాలని నా ఆశ. నా భార్య అవునూ అనదు, కాదూ అనదు. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. మా అన్నయ్యేమో 'మానావు, సంతోషం, ఊరంతా టముకు వేసుకోవడం ఎందుకు' అంటున్నాడు. పేరు చెప్పుకుని మాట్లాడటం మన పద్ధతి కాదని నా స్పాన్సర్, అంటే ఏఏలో నాకు తోడుగా ఉండి దారి చూపే పాత సభ్యుడు, అంటున్నాడు. నేను మాట్లాడాలా, వద్దా? మాట్లాడితే పేరు చెప్పాలా?

సమాధానం: మాట్లాడండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయే జాగ్రత్తలన్నీ చదివాక నేను మిమ్మల్ని వెనక్కి లాగుతున్నానని మీకు అనిపించకూడదు. అయితే మీ మొదటి ప్రసంగం ఆ కాలేజీలో, ఆ కెమెరా ముందు జరగడం నాకు సమ్మతం కాదు. మీరు చికిత్స పొందిన సెంటర్లో గానీ, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో గానీ, ఇంకా తాగుతున్నవారి కుటుంబాలు వచ్చి కూర్చునే చోట మొదలుపెట్టండి. పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇంట్లో తేలవలసిన విషయం, నిర్వాహకులు తేల్చేది కాదు.

మీలాంటివారి మాట ఎంత అవసరమో చెప్పడానికి ఒక లెక్క చాలు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన వ్యసన చికిత్సా కేంద్రం చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు, వారిలో 5.7 కోట్ల మందికి తాగుడు ఒక సమస్యగా మారి సహాయం అవసరమైన స్థితి ఉంది, కానీ మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక రకమైన చికిత్స అందిందని చెప్పినవారు 38 మందికి ఒక్కరే. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారైతే 180 మందికి ఒక్కరు. తక్కిన 37 మంది ఊరికే కూర్చున్నారని అనుకోవద్దు. వారిలో చాలామంది అమ్మ మీద ఒట్టు వేసి ఉంటారు, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నిష్ఠగా ఉండి, ఇరుముడి దించి వచ్చిన వారానికే మళ్లీ బెల్టు షాపు దగ్గర తేలి ఉంటారు, ఎవరో చెప్పిన పసరు మందు కోసం పక్క జిల్లా దాకా వెళ్లి వచ్చి ఉంటారు. తాగుడుకు వైద్యం ఉందని, అది పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుంటే దొరుకుతుందని వారికి చెప్పే మనిషి మాత్రం తగలలేదు. ఆ చెప్పేది తెల్లకోటు వేసుకున్న డాక్టరు కన్నా, నిరుడు తమలాగే వణుకుతున్న చేతులతో అదే బెంచీ మీద కూర్చున్న మనిషి అయితే వినే తీరే వేరుగా ఉంటుంది. ఓపీ బయట ఇది ఎన్నోసార్లు చూశాను. గంటసేపు నా మాట వినని మనిషి, మానిన మనిషి భుజం మీద చెయ్యి వేస్తే లేచి వెంట నడుస్తాడు.

తెలుగునాట తాగుడు గురించి బహిరంగంగా మాట్లాడిన చరిత్ర మనకు చిన్నదేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన నాటి నుంచి, మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ ఈ తరం పెద్దలకు కళ్లారా తెలిసినవే. అయితే ఆ ఉద్యమం నుంచి మనకు గుర్తుండిపోయిన గొంతులన్నీ ఆడవాళ్లవి. దెబ్బలు తిన్నవాళ్లు, కూలి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వీధిలోకి వచ్చి మాట్లాడారు. తాగిన మగవాడు మానిన తర్వాత నిలబడి 'నేను జబ్బు పడ్డాను, ఇలా బాగుపడ్డాను' అని చెప్పిన గొంతు అందులో దాదాపుగా వినపడదు. దుకాణం మూయడం గురించి ఊరూరా మాట్లాడుకున్నంతగా, తాగుతున్న మనిషికి వైద్యం చేయించడం గురించి మనం మాట్లాడుకోలేదు. చెన్నైలో శాంతి రంగనాథన్ తన భర్త తాగుడు వల్ల చనిపోయాక, ఆ సంగతి దాచకుండా 1980లో ఆయన పేరు మీదే వ్యసన చికిత్సా సంస్థను స్థాపించారు. అది నేడు టీటీకే ఆసుపత్రిగా అందరికీ తెలుసు. అక్కడ కూడా ముందు నోరు విప్పింది భార్యే. మీరు మాట్లాడాలని నేను అనడానికి ఇది కూడా ఒక కారణం.

ఇప్పుడు మీ స్పాన్సర్ మాట గురించి. ఆయన చెప్పింది సగం సరిగ్గా ఉంది, ఆ సగమూ చాలా ముఖ్యమైనది. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో మొదలైన ఏఏ, తన పన్నెండు సంప్రదాయాలలో పదకొండోదిగా పెట్టుకున్న నియమం ఏమిటంటే, పత్రికలు, రేడియో, సినిమా వంటి మాధ్యమాల ముందు సభ్యుడు తన పేరు బయటపెట్టకూడదు. అంటే ఏఏ సభ్యుడిగా, పూర్తి పేరుతో, ముఖంతో కెమెరా ముందు కనబడకూడదు. తాగుడు మానిన మనిషిగా తన సంగతి తాను చెప్పుకోవడాన్ని ఆ నియమం ఆపదు. ఇంట్లోవాళ్లకు, డాక్టరుకు, ఆపదలో ఉన్న పక్కింటి మనిషికి తాను ఏఏకు వెళ్తున్నానని చెప్పడాన్నీ ఆపదు. ఈ నియమం వెనక ఉన్నది సిగ్గు అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. పేరుతో వెలుగులోకి వచ్చిన సభ్యుడు రేపు మళ్లీ తాగితే, 'ఏఏ పనిచేయదు' అని జనం అనుకుంటారు. తాగకపోయినా, చప్పట్లకు అలవాటు పడి తనే ఏఏ అన్నట్టు ప్రవర్తించే ప్రమాదం ఉంటుంది. తొలి సంవత్సరాలలో ఈ రెండూ జరిగాయి కాబట్టే ఆ నియమం పుట్టింది.

ఏఏ పేరెత్తకుండా, సొంత పేరుతో బాహాటంగా మాట్లాడే దారి కూడా అక్కడివారే వేశారు. 1976 మే నెలలో వాషింగ్టన్‌లో 52 మంది ప్రముఖులు ఒకే వేదిక మీద నిలబడి, తాము మద్యపాన వ్యసనం నుంచి బాగుపడ్డామని ప్రకటించారు. చంద్రుడి మీద కాలుపెట్టిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్ వారిలో ఒకరు. రెండేళ్లకు, అధ్యక్షుడి భార్యగా శ్వేతసౌధంలో ఉండి వచ్చిన బెట్టీ ఫోర్డ్ తన మద్యం, మాత్రల అలవాటు గురించి దేశానికి చెప్పి, 1982లో తన పేరు మీద చికిత్సా కేంద్రం తెరిచారు. అక్కడ అది సాధ్యపడిందని ఇక్కడా అలాగే చేయమని నేను అనడం లేదు. ఆమెకు పదో తరగతి చదివే కూతురు లేదు, ఆమె ఇంటి ముందు కాపలా ఉంది. కానీ పద్ధతి మాత్రం మీకు పనికొస్తుంది. 'నేను చికిత్స తీసుకున్నాను, తోటివారి సహాయంతో నిలబడ్డాను' అని చెప్పండి. ఏ మీటింగు, ఏ గ్రూపు, అక్కడ ఎవరెవరు వస్తారు అన్నవి చెప్పకండి. మీతో ఆదివారం కూర్చునే వారిలో ఎవరి ఉద్యోగం గానీ పొరుగు గానీ గుర్తుపట్టగలిగే ఉదాహరణ ఒక్కటి కూడా మీ నోట రాకూడదు. మీ స్పాన్సర్‌కు కూడా ఇంతకుమించిన అభ్యంతరం ఉండదని నా నమ్మకం.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం మీ శ్రీమతి గురించినది. 'అవునూ అనదు, కాదూ అనదు' అన్నారు. పదిహేనేళ్లు తాగిన మనిషి ఇంట్లో ఆడమనిషి కాదనడం ఎప్పుడో మానుకుని ఉంటుంది, కాబట్టి ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్క వేసుకోకండి. మీరు వేదిక మీద చెప్పబోయే ప్రతి ఘట్టంలోనూ ఆమె ఉంటుంది. పుస్తెలతాడు కుదువకు వెళ్లిన సంగతి చెబితే అది ఆమె మెడ గురించి చెప్పడం. రాత్రి రెండింటికి తలుపు తీయలేదని మీరు చేసిన రభస చెబితే, పక్కింటివాళ్లు విన్నారా అని ఏళ్ల తరబడి ఆమె పడ్డ సిగ్గు గురించి చెప్పడం. ఆ సంఘటనల్లో తప్పు మీది కాబట్టి బయటపెట్టే హక్కు కూడా మీదేనని మీకు అనిపించవచ్చు. బాధపడినవారికి కూడా ఆ కథ మీద హక్కు ఉంటుంది, నన్నడిగితే మీకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. అందుకని ఒక పని చేయండి. మీరు చెప్పదలచుకున్నదంతా కాగితం మీద రాసి, అమ్మాయి నిద్రపోయాక ఆమెకు చదివి వినిపించండి. ఏ వాక్యం దగ్గర ఆమె ముఖం మారినా దాన్ని కొట్టేయండి, ఎందుకని అడగవద్దు, వాదించవద్దు. అలా కొట్టేశాక ఏమీ మిగలకపోతే ఈ ఏడాదికి ఆగండి. చాలా ఇళ్లలో సగానికి పైగా మిగులుతుంది, మిగిలిందే మంచి ప్రసంగం అవుతుంది.

అమ్మాయి సంగతి ఇంకొంచెం కఠినం. భార్య ఆలోచించి సరే అనగలదు. పదిహేనేళ్ల పిల్ల, నాన్న మళ్లీ ఎక్కడ తాగుతాడోనన్న భయం పూర్తిగా పోకముందే, దేనికైనా సరే అంటుంది. యూట్యూబ్ వీడియో పరిస్థితి ఒక్కసారి ఊహించండి. మీరు ఇరవై నిమిషాలు చికిత్స గురించి చెప్పినా, ఆ ఛానల్ పెట్టే బొమ్మ మీద పసుపు అక్షరాల్లో ఉండేది 'భార్య పుస్తెలు అమ్మి తాగాను... కన్నీళ్లు పెట్టించే కథ' అన్న మాటే. ఆ లింకు ఆమె క్లాసు వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికల్లా తిరుగుతుంది. నాలుగేళ్ల తర్వాత కాలేజీలో తిరుగుతుంది. సంబంధాలు చూసేటప్పుడు అవతలివారి ఫోన్‌లో కనబడుతుంది. అది న్యాయమా అంటే కాదు, కానీ జరిగేది అదే. కాబట్టి అమ్మాయి చదువు ఒక దరికి చేరి, ఆమె తనంతట తాను అడిగి తెలుసుకుని సరే అనేవరకు, ముఖం కనబడే వీడియో వద్దు, పూర్తి పేరు వద్దు. గదిలో కూర్చున్న నలభై మంది ముందు ముఖాముఖి మాట్లాడటానికి ఈ అడ్డంకి ఉండదు. వారికి మీ ముఖం కనబడుతుంది గానీ ఆ గది దాటి పోదు. ఫోన్లు జేబుల్లో పెట్టమని సభ మొదట్లోనే నిర్వాహకుల చేత చెప్పించండి.

నిర్వాహకులు మొహమాటపెడితే చెప్పడానికి మీ వైపు చట్టం కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. ఆ చట్టంలోని 23వ సెక్షన్ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇస్తుంది, 24వ సెక్షన్ చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ సమాచారం గానీ అతని అంగీకారం లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. మీరు సెంటర్ నుంచి ఎప్పుడో బయటికి వచ్చినా, మీరు చేరిన నాటి ఫొటోను 'ముందు - తర్వాత' అని ఫ్లెక్సీ మీద వేస్తామని ఎవరైనా అంటే, వద్దని గట్టిగా చెప్పండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కనుక మరో మాట కూడా గుర్తుపెట్టుకోండి. సొంత జబ్బు, చికిత్స గురించి మాట్లాడటం ఒకటి, ప్రభుత్వ మద్యం విధానాన్ని వేదిక మీద విమర్శించడం ఇంకొకటి. రెండోది ప్రవర్తనా నియమాల కిందికి వస్తుంది, కాబట్టి ప్రశ్నల్లో ఎవరైనా 'ప్రభుత్వమే అమ్ముతోంది కదా' అని లాగితే మీరు అందులోకి దిగవద్దు. పై అధికారికి ముందుగా ఒక కాగితం పెట్టుకోవడం క్షేమం. మీది మద్యం కాబట్టి సరిపోయింది గానీ, ఇదే ఉత్తరం గంజాయి మానిన కుర్రాడు రాసి ఉంటే, ఎక్కడ కొన్నాడు, ఎవరికి ఇచ్చాడు అన్నవి సభలో చెప్పవద్దని, మాట్లాడే ముందు ఒక లాయరును కలవమని కూడా రాసేవాడిని.

కాలేజీ సభ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే ఇది చాలామంది మంచివారికి కూడా మింగుడుపడని విషయం. వ్యసనం నుంచి బయటపడిన మనిషిని తెచ్చి విద్యార్థుల ముందు నిలబెట్టి, అతని పతనం వివరంగా చెప్పిస్తే పిల్లలు భయపడి తాగుడు జోలికి పోరని మనం అనుకుంటాం. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం 2013లో ప్రచురించి, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి సవరించిన నివారణ ప్రమాణాలు దీనికి విరుద్ధంగా చెబుతున్నాయి. బడుల్లో నివారణ కార్యక్రమాలకు ఫలితం ఇవ్వని, కొన్నిసార్లు చెడు చేసే పద్ధతుల జాబితాలో భయపెట్టడం, ఉపన్యాసం దంచడం, మాజీ వ్యసనపరుల చేత అనుభవాలు చెప్పించడం, ఈ మూడూ ఉన్నాయి. ఎందుకలా అవుతుందో పిల్లల వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. వారి ముందు నిలబడ్డ మీరు పదిహేనేళ్లు తాగారు, అయినా ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, ఇస్త్రీ చొక్కాతో వేదిక మీద శాలువా కప్పించుకుంటున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అందులో కనబడేది ప్రమాదం కాదు. తాగినా చివరికి బయటపడవచ్చన్న భరోసా.

అయినా ఆ సంస్థవారిని ఉత్త చేతులతో పంపవద్దు. ఆ హాలులో మీ మాట నిజంగా అవసరమైన పిల్లలు ఉంటారు, అయితే వారు తాగబోయే పిల్లలు కారు. ఇంట్లో తాగే తండ్రి ఉన్నవారు. ప్రతి వరుసలోనూ ఒకరిద్దరైనా ఉంటారు, సెలవు రోజంటే భయపడేవారు, స్నేహితులను ఇంటికి పిలవనివారు. 'మీ నాన్న తాగడం మీ వల్ల కాదు, మీరు బాగా చదివితే ఆయన మానతాడన్నదీ నిజం కాదు, ఆయనది వైద్యం ఉన్న జబ్బు, దాని గురించి మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చు' అన్న నాలుగు మాటలు, తాగి మానిన తండ్రి నోటి నుంచి వస్తే వారికి ఎంతో ఊరట. కాబట్టి సభ బదులు లెక్చరర్లతో, తల్లిదండ్రులతో ఒక చిన్న సమావేశం పెట్టమని అడగండి. పిల్లలతోనే మాట్లాడాల్సి వస్తే పక్కన ఒక కౌన్సెలర్ ఉండాలని, మీ తాగుడు కథ రెండు నిమిషాలకు మించదని, మిగతాదంతా సహాయం ఎక్కడ దొరుకుతుందన్న దాని మీదేనని ముందే చెప్పి ఒప్పించండి. ఏడాదిలో తక్కిన రోజులు వదిలేసి జూన్ 26నే ఊరంతా ర్యాలీలు తీసే మన అలవాటు గురించి కూడా ఒక మాట అనాలని ఉంది గానీ, అది ఇక్కడ ఎందుకులెండి.

ఇక కుటుంబాల ముందు ఏం చెప్పాలి. తాగుడు వర్ణన వీలైనంత తగ్గించండి. ఏ బ్రాండు, ఎన్ని క్వార్టర్లు, ఎవరితో కలిసి, ఏ దాబాలో అన్న వివరాలు ఎదురుగా ఉన్నవారిలో ఇప్పుడే మానినవాడికి నోట్లో నీళ్లు ఊరిస్తాయి, మీకు కూడా ఊరిస్తాయి. బాగుపడిన క్రమాన్ని మాత్రం విడమరిచి చెప్పండి. మొదట ఎవరు తీసుకెళ్లారు, ఓపీలో ఏమడిగారు, ఎన్ని రోజులు చేర్చుకున్నారు, ఏ మాత్రలు ఇచ్చారు, మొదటి నెల నిద్ర ఎలా ఉండేది, మొదటిసారి సెంటర్ నుంచి వచ్చాక మళ్లీ ఎందుకు తాగారు, రెండోసారి ఏం మారింది. ముఖ్యంగా ఆ మొదటిసారి విఫలమైన సంగతి దాచవద్దు. ఆ గదిలో కూర్చున్న ప్రతి తల్లీ, 'ఒకసారి వేలకు వేలు పోసి చేర్చాం, మళ్లీ మొదలుపెట్టాడు, ఇక వీడు బాగుపడడు' అని అప్పటికే అనుకుని వచ్చి ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రాణాపాయం గురించి చెప్పకపోతే నేను ఈ జవాబు రాసీ ప్రయోజనం లేదు. మానినవారు వేదిక మీద ఉత్సాహంగా అనే మాట ఒకటి ఉంటుంది, 'మనసులో గట్టిగా అనుకున్నాను, ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు' అని. దయచేసి ఆ మాట అనకండి. రోజూ ఎక్కువగా తాగే శరీరానికి మద్యం ఒక్కసారిగా అందకపోతే, కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేని పురుగులు పాకుతున్నట్టు, లేని మనుషులు పిలుస్తున్నట్టు అనిపించే స్థితి వస్తుంది. వైద్యం అందకపోతే ఆ స్థితిలో మనిషి చనిపోవచ్చు. మాల వేసుకున్న మూడో రోజున 'గాలి సోకింది' అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయే కేసుల్లో కొన్ని ఇవే. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు ఫిట్స్‌తో, పిచ్చి ప్రవర్తనతో జనం వరసకట్టారు. కల్లులో కలిపిన నిద్రమాత్రల మందు అందకపోవడమే దానికి కారణం. కాబట్టి మీ ప్రసంగంలో ఈ ఒక్క వాక్యం తప్పక ఉండాలి: రోజూ తాగేవారు, పొద్దున్నే చేతులు వణికేవారు ఇంట్లో తమంతట తాము ఒక్కసారిగా ఆపవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లి ఆపండి.

ప్రసంగం అయ్యాక ఎవరో ఒక తల్లి గానీ భార్య గానీ మిమ్మల్ని మెట్ల దగ్గర ఆపి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఏమిటో నేను ఇప్పుడే చెప్పగలను. 'అన్నంలో కలిపి పెట్టే మందు ఉందంట కదా, ఏ షాపులో దొరుకుతుంది బాబూ?' ఆ మందు డైసల్ఫిరామ్. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ వచ్చి, వాంతులై, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడితే అది పనికొచ్చే మందే. తెలియకుండా కూరలో కలిపితే విషంతో సమానం. ఆమెను తిట్టకండి, ఆమె అడగడానికి కారణం మీకు తెలుసు. ఆ మందు కాకుండా తాగాలనే కోరిక తగ్గించే వేరే మందులు కూడా ఉన్నాయని, అతను రాకపోయినా ముందు ఆమె ఒక్కతే వెళ్లి డాక్టరుతో మాట్లాడవచ్చని చెప్పండి. రెండో ప్రశ్న, 'మా వాడిని కొట్టయినా సరే కట్టేసి ఉంచే సెంటర్ చెప్పండి' అని ఉంటుంది. అలాంటి చోట్లు ఉన్నాయి, వాటి పేర్లు మీ నోట రాకూడదు. ఏదైనా ప్రైవేటు సెంటర్‌వారు మీరు పంపే ఒక్కో మనిషికి ఇంత అని ఇవ్వజూపితే ఆ సంబంధం అక్కడితో తెంచుకోండి. ఆ డబ్బు తీసుకున్న మరుక్షణం మీరు దళారీ అవుతారు.

మీ సంగతి కూడా కొంచెం చూసుకోవాలి. వైద్యులు వాడే అమెరికా ప్రమాణ గ్రంథం లెక్కలో, కోరిక తప్ప వ్యసన లక్షణాలేవీ లేకుండా పన్నెండు నెలలు గడిస్తే నిలకడైన ఉపశమనం అంటారు. మీకు రెండేళ్లు దాటాయి కనుక తొందరపడుతున్నారని అనను. కానీ మాట్లాడిన రోజు రాత్రి ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. పాత రోజులన్నీ తవ్వి పోసి, అందరి చేత చప్పట్లు కొట్టించుకుని, ఒంటరిగా బస్టాండుకు నడిచే అరగంటలో తాగాలన్న కోరిక పుట్టడం చాలామందికి అనుభవం. అందుకని ఒక్కరే వెళ్లవద్దు. మీ స్పాన్సర్‌ను గానీ, మీటింగులో మరో మిత్రుడిని గానీ వెంట తీసుకెళ్లి, ఇంటి గడప దాకా వారితోనే రండి. ప్రసంగాలు ఎన్ని వచ్చినా ఆదివారం మీటింగు మానవద్దు, ఎందుకంటే వేదిక మీద మీరు ఇచ్చేవారు, మీటింగులో పుచ్చుకునేవారు, మిమ్మల్ని నిలబెట్టింది ఆ పుచ్చుకోవడమే. ఎప్పుడైనా కాలుజారితే ఏం చేయాలో కూడా ఇప్పుడే, తల స్పష్టంగా ఉండగానే రాసి పెట్టుకోండి. మొదట ఎవరికి ఫోన్ చేస్తారు, ఒప్పుకున్న సభలకు ఏమని చెబుతారు, ఎన్ని నెలలు వేదికలకు దూరంగా ఉంటారు. ఇది అపశకునం పలకడం కాదు. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. పేరు పడిపోయాక తిరగబెట్టినవారు సిగ్గుతో దాచిపెట్టి, చికిత్సకు రావడం ఆలస్యం చేసి నష్టపోతారు. అందుకే 'ఇక జీవితంలో ముట్టను' అని సభలో ప్రమాణం చేయవద్దు. 'ఈ రోజు తాగలేదు' అనండి చాలు.

మీ అన్నయ్యతో వాదం పెట్టుకోకండి. మీరు తాగిన రోజుల్లో పోలీసు స్టేషన్ నుంచి, రోడ్డు పక్క నుంచి మిమ్మల్ని మోసుకొచ్చింది బహుశా ఆయనే అయి ఉంటారు, ఆయన భయపడే పరువు అప్పుడు ఆయనే కాపాడారు. పేరు, వీడియో లేకుండా ఆసుపత్రిలో మాట్లాడుతున్నానని చెబితే ఆయన అభ్యంతరంలో చాలా భాగం పోతుంది. మిగిలిన కొంచెం అలాగే ఉండనివ్వండి.

మొదటిసారి పది పన్నెండు నిమిషాలకు మించి మాట్లాడకండి, తర్వాత ప్రశ్నలకు అరగంట ఉంచండి. అందరి ముందు అడగలేనివారి కోసం చీటీలు ఇప్పించండి. మీ సొంత ఫోన్ నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. ఇస్తే రాత్రి పన్నెండుకు తాగి ఉన్న మనిషి, తెల్లవారుజామున ఏడుస్తున్న భార్య ఫోన్ చేస్తారు, మీరు డాక్టరు కారు, మీ నిద్ర చెడితే మీ ఆరోగ్యమే ముందు చెడుతుంది. దానికి బదులు మూడు సంగతులు ఒక కాగితం మీద అచ్చు వేయించి పంచండి. వ్యసన విముక్తికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. మానసిక సహాయానికి టెలిమానస్ నంబరు 14416, ఇందులో తెలుగులో కూడా మాట్లాడతారు. మూడోది మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య ఓపీ ఏ గదిలో, ఏయే రోజుల్లో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటుందన్నది. ఈ మూడోది ఎవరో చెబితే రాయకండి, ముందు రోజు మీరే వెళ్లి చూసి రండి.